బై హ్యాండ్ భీమేశ్వరరావు

భీమేశ్వరరావు గారు బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఏ వస్తువునూ మనిషి చేతికివ్వకుండా పంపింది లేదు. పోస్టంటే నమ్మకం లేదు, కొరియరంటే గౌరవం లేదు, వాట్సాప్ మాటెత్తితే పూజగదిలోకి చెప్పులతో వచ్చినవాణ్ని చూసినట్టు చూస్తారు. కాయితం గానీ, కందిపొడి గానీ, శుభలేఖ గానీ, ఏది ఆయన గడప దాటినా "బై హ్యాండ్" దాటాల్సిందే. దాటినదానికి ప్యూన్ బుక్కులో ఎంట్రీ పడాల్సిందే. అందుకున్నవాళ్లు సంతకం పెట్టాల్సిందే.

ఆయన్ని అనుకుని లాభం లేదు. టపాని డాకు అని పిలిచే ఢిల్లీలో ఒక మంత్రిత్వ శాఖ డిస్పాచ్ సెక్షన్‌లో ముప్ఫై ఏడేళ్లు పనిచేసిన మనిషి. కవరు అరచేతిలో పెట్టుకుని "నలభై రెండు గ్రాములు" అన్నారంటే తక్కెడ కూడా ఎదురు చెప్పకుండా నలభై రెండే చూపించేదట. రిటైరై తొమ్మిదేళ్లయింది. మంత్రిత్వ శాఖ ఆయన్ని వదిలిపెట్టింది గానీ ఆయన డిస్పాచ్ సెక్షన్‌ని వదల్లేదు.

ముప్ఫయ్యో పెళ్లిరోజుకి భార్య కృష్ణకుమారి గారికి గాజులు కొన్నారు. కొన్న మనిషి చేతికి తొడగొచ్చు కదా! ఎర్ర గుడ్డ అట్ట వేసిన ప్యూన్ బుక్కు ఆవిడ ముందు పెట్టి "ఇక్కడ" అని వేలు చూపించారు. ఆవిడేమీ తక్కువ తినలేదు. సంతకం పెట్టి, పక్కన రిమార్కుల గడిలో "అందినవి. సైజు చిన్నది. వెనక్కి పంపడమైనది" అని రాసింది.

అలాంటి మనిషి ఉన్న మూడంతస్తుల ఫ్లాట్లలోకి, ఢిల్లీ జనక్‌పురి సి-మూడు బ్లాకులో, ఉమాశంకర్ అద్దెకొచ్చాడు. ఆయన కింద, ఇతను పైన. వరంగల్ కుర్రాడు, ముప్ఫై ఏడేళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆఫీసు గురుగ్రామ్‌లో ఉందని జీతం పడ్డప్పుడు తెలియడమే తప్ప అతను వెళ్లింది తక్కువ. పొద్దున్న తొమ్మిదింటికి కుర్చీలో కూర్చుంటే రాత్రి తొమ్మిదింటికి ఆ కుర్చీయే అతన్ని విదిలించుకునేది. కుర్చీ ఎక్కేముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి బాల్కనీలోకి వెళ్లేవాడు, అదీ సిగరెట్ కోసం. ఆదివారం ఛోలే భటూరే, అంటే శనగల కూరా మైదా పూరీలూ, మిగతా వారమంతా ఫోన్లో నొక్కితే ఇంటికొచ్చే తిండి. చొక్కా గుండీలు కాజాల మొహం చూసి చాలాకాలమైంది.

జులైలో ఒక ఆదివారం పొద్దున్నే ఉమాశంకర్ జిలేబీ పొట్లంతో కిందికి దిగాడు. మొహం వెలిగిపోతోంది.

"అంకుల్, నోరు తీపి చేసుకోండ్రి. ఆఫీసోళ్లు హెల్త్ చెకప్ చేయించిండ్రు. కొలెస్ట్రాల్ లో వచ్చింది! మా టీమ్‌ల అందరికీ హై అంట. నాకొక్కనికే లో!"

భీమేశ్వరరావు గారు జిలేబీ అందుకోబోయి ఆగారు. "ఏ కొలెస్ట్రాలయ్యా లో?"

"గిదే, హెచ్.డి.ఎల్. ఇరవై తొమ్మిది. పక్కన ఎల్ అని కూడ కొట్టిండ్రు."

ఆయన రిపోర్టు తీసుకుని కళ్లజోడు పెట్టుకుని చదివారు. జిలేబీని మళ్లీ పొట్లంలో పెట్టి, పొట్లాన్ని అతని చేతిలో పెట్టారు.

"కృష్ణా! రిటర్న్ డాకు రాసుకో. జిలేబీ, పావు కిలో, తిరస్కరించడమైనది."

"ఎందుకు అంకుల్?"

"అబ్బాయ్, లోకంలో ఏది తక్కువైనా మంచిదే అనుకుంటే ఎలాగ? ఇది మంచి కొలెస్ట్రాలు. తక్కువైతే పండగ కాదు, ప్రమాదం."

సరిగ్గా అప్పుడే వీధిలోంచి "కబాడీ... రద్దీ పేపర్!" అని పాత సామాన్లవాడి కేక వినిపించింది. భీమేశ్వరరావు గారి కళ్లు మెరిశాయి.

"విన్నావా? ఆ కబాడీవాడు ఆర్నెల్లు రాలేదనుకో, మనింట్లో ఏవవుతుంది?"

"పాత పేపర్లు, సీసలు, డబ్బలు పేరుకపోతయ్."

"నడవడానికి దారుండదు. అవునా? నీ రక్తనాళాల్లోనూ అంతే. ఎల్.డి.ఎల్. అనేవాడు డెలివరీ వాడు. కొవ్వు పార్సిళ్లు తెచ్చి గోడవారన పడేసి పోతాడు. హెచ్.డి.ఎల్. కబాడీవాడు. పేరుకున్నదంతా మూటగట్టుకెళ్లి లివర్ అనే గోదాంలో అప్పజెప్పేస్తాడు. మగాడికి తక్కువలో తక్కువ నలభైమంది కబాడీవాళ్లుండాలి. నీకున్నది ఇరవై తొమ్మిది. వాళ్లలో ఎంతమంది డ్యూటీ సరిగ్గా చేస్తున్నారో ఆ దేవుడికే తెలియాలి. ఇక ట్రైగ్లిజరైడ్లు చూడు, మూడొందల పన్నెండు! దారి మూసుకుపోతే గుండెకి డాకు ఎలా చేరుతుందయ్యా?"

"మరి గీ కబాడీవాళ్లు ఎందుకు తగ్గిండ్రు అంకుల్?"

"ఎందుకు తగ్గరూ? పగలంతా కూచుంటావు. పొగ తాగుతావు. పొట్ట పెంచేవు. మైదా, పంచదార, డాల్డా సరుకు. ఇన్ని పెట్టుకుంటే ఏ కబాడీవాడు నీ గుమ్మం తొక్కుతాడు? కొందరికి వంశంలోనే తక్కువనుకో. మీ నాన్నగారు..."

ఉమాశంకర్ పొట్లం మూతి గట్టిగా ముడిచాడు. అతని తండ్రి వరంగల్లో లెక్కల మాస్టారు. యాభయ్యో ఏట, బడిలో, నల్లబల్ల ముందు, సుద్దముక్క చేతిలో ఉండగానే కూలిపోయాడు. అప్పటికి ఉమాశంకర్ ఇంటర్ చదువుతున్నాడు. ఆ మాట అతను భార్య వైశాలికి కూడా ఒక్కసారే చెప్పాడు. తనకి యాభై రావడానికి ఎన్నేళ్లుందో మాత్రం అడక్కుండానే లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. లెక్కల మాస్టారి కొడుకు కదా.

"యాభై ఏండ్లకే పోయిండు. గుండె," అన్నాడు చివరికి.

భీమేశ్వరరావు గారు కళ్లజోడు తీసి, రిపోర్టు మడిచి ఇచ్చారు. "జిలేబీ జాగర్త. లెక్కకి పావుకిలో ఉండాలి," అని మాత్రం అన్నారు.

డాక్టరు మాత్రలు రాయలేదు. సిగరెట్ మానమన్నాడు, నడవమన్నాడు, పొట్ట తగ్గించమన్నాడు, ఆర్నెల్ల తర్వాత మళ్లీ పరీక్ష చేయించమన్నాడు. ఉమాశంకర్ ఏడాదికి సరిపడా కట్టి జిమ్‌లో చేరాడు, రెండు రోజులు వెళ్లాడు. మూడోరోజు నుంచి కాల్స్. వైశాలి బతిమాలింది, తిట్టింది, ఒకరోజు ఏడ్చింది. "రేపటి సంది పక్కా," అని అతను అన్నాడు. ఆ రేపు మాత్రం జనక్‌పురికి దారి తెలియక ఎక్కడో తిరుగుతోంది.

సరిగ్గా వారానికి, పొద్దున్న ఏడింటికి, తలుపు చప్పుడైంది. ఎదురుగా భీమేశ్వరరావు గారు. ఒక చేతిలో ఎర్ర ప్యూన్ బుక్కు, రెండో చేతిలో లక్క సీలు వేసిన ఖాకీ కవరు. మోకాలు పట్టుకుని మూలుగుతున్నారు.

"అబ్బాయ్, మోకాళ్లు చచ్చిపోయేయి. ఇది సి-నాలుగులో సీతారామయ్య గారికి చేరాలి. అర్జెంటు. బై హ్యాండ్."

"ఏమున్నది అంకుల్ గిందుల?"

"డాకు మోసేవాడు డాకు చదవకూడదు. ముప్ఫై ఏడేళ్లలో నేను చదవలేదు."

"సరే, స్కూటీ మీద పోయి ఐదు నిమిషాలల్ల..."

"స్కూటీయా! కుదుపులకి లక్క పగిలిపోదూ? నడిచే వెళ్లాలి."

ఉమాశంకర్ లిఫ్టు బటన్ నొక్కబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "లిఫ్టు వద్దు. అందులో అయస్కాంతం ఉంటుంది."

"లక్కకి అయస్కాంతమేంది అంకుల్?"

"సైన్సు నీకంత తేలిగ్గా అర్థం కాదు. ఇంకోటి. కవరు చేతిలో ఉండగా సిగరెట్ ముట్టించకు, పొగ తగిలితే సీలు రంగు మారుతుంది. దార్లో ఏవీ తినకు, నూనె చేతులతో ముట్టుకుంటే మరక పడుతుంది. అందిన టైమూ, సంతకమూ మర్చిపోకు."

పెద్దాయన, పైగా మోకాళ్లు. ఒక్కరోజే కదా అని ఉమాశంకర్ వెళ్లాడు. సి-నాలుగు చేరేసరికి నోరు తెరుచుకుని గాలి పీలుస్తున్నాడు. సీతారామయ్య గారు ఆడిట్ ఆఫీసులో రిటైరైన భారీ మనిషి. తలుపు తీసి ముందు గడియారం చూశారు, తర్వాత ఇతని మొహం చూశారు, ఆ తర్వాత ముక్కెగరేసి వాసన చూశారు. అప్పుడు గానీ సంతకం పెట్టలేదు. సంతకం పక్కన "24 - ఆ.ఉ - పొ.ఉ" అని రాశారు.

"ఇదేంది సార్?"

"డిస్పాచ్ కోడు. నీకెందుకయ్యా?"

మర్నాడు ఏడింటికి మళ్లీ తలుపు చప్పుడు. మళ్లీ కవరు. మళ్లీ మోకాళ్లు. మూడోరోజూ అంతే. ఆ రెండు ఇళ్ల మధ్య అంత అర్జెంటు రాచకార్యమేమిటో ఉమాశంకర్‌కి అంతు చిక్కలేదు. ఆస్తి తగాదా అయ్యుంటుందనుకున్నాడు. తెలుగు సంఘం ఎన్నికల కుట్ర అనుకున్నాడు. నెల తిరిగేసరికి సాయంత్రం ఆరింటికి రెండో డాకు కూడా మొదలైంది. అతను బాల్కనీలో సిగరెట్ కాల్చే టైములు ఏడూ ఆరూ కావడం కేవలం ఖర్మ అనుకున్నాడు.

"మీకు ఈ-మెయిల్ నేర్పిస్త అంకుల్, పైసా ఖర్చు లేదు," అని దణ్ణం పెట్టాడు ఒకరోజు.

"అందులో సంతకమెవరు పెడతారు?"

"డిజిటల్ సిగ్నేచర్ ఉంటది."

"చెయ్యి లేని సంతకాన్ని నేను నమ్మనయ్యా. ఏడయింది, బయల్దేరు."

భటూరాల కొట్టు సరిగ్గా దారిలో ఉంది. మొదట్లో ఉమాశంకర్ దాని ముందు నిలబడి కవరు వైపూ కడాయి వైపూ మార్చి మార్చి చూసేవాడు. ఒక ఆదివారం ఆకలికి ఆగలేక కవరు చంకలో పెట్టి ఒక ప్లేటు లాగించాడు. ఆ సాయంత్రమే భీమేశ్వరరావు గారు ప్యూన్ బుక్కుని కిటికీ వెలుతురులో పట్టుకుని "శనగలు," అన్నారు. మళ్లీ ఆ సాహసం చెయ్యలేదు.

నవంబరు వచ్చింది. ఊరంతా పొగమంచులో మునిగి ఎదురింటి తలుపు కూడా కనపడని రోజులు. అమ్మయ్య, ఇక డాకు ఉండదని ఉమాశంకర్ దుప్పటి ముసుగుతన్నాడు. ఏడింటికి తలుపు చప్పుడు.

"గాలి బాలేదు. బయటి డాకు రద్దు," అన్నారు భీమేశ్వరరావు గారు.

"థాంక్యూ అంకుల్!"

"లోపలి డాకు ఉంది. ఇదిగో ఆరు చీటీలు. కింద మీ ఆంటీకి ఒక్కొక్కటే ఇచ్చి ఒక్కొక్క సంతకం తీసుకురా. అన్నీ ఒకేసారి ఇస్తే ఆవిడ కంగారు పడుతుంది."

ఆరు చీటీలకి ఆరుసార్లు మూడంతస్తులు దిగాడు, ఎక్కాడు. మొదటి చీటీలో "పాలు పొంగకుండా చూడు" అని ఉంది. ఆరోదానిలో "పొంగాయా?" అని ఉంది. మెట్ల మీద కూర్చుని చూస్తున్న అతని ఏడేళ్ల కూతురు అక్షర, "పాపా, ఆప్ అంకుల్ కే ప్యూన్ బన్ గయే క్యా?" అని హిందీలో అడిగింది, అంకుల్‌కి ప్యూనైపోయావా నాన్నా అని. ఉమాశంకర్ రొప్పుతూ ఆ పిల్ల పక్కనే మెట్టు మీద కూలబడ్డాడు.

జనవరిలో ఆర్నెల్ల పరీక్ష గడువు వచ్చింది. వైశాలి గుర్తుచేసింది. "వచ్చే వారం పోతా," అన్నాడు. ఈసారి బద్ధకం కాదు, భయం. ఆ ఎల్ అక్షరం మళ్లీ కనిపిస్తే? వంశంలో ఉన్నది వంశంలోనే ఉంటే? చూడకపోతే లేనట్టే అనుకుని ఇంకో నెల గడిపేశాడు.

ఫిబ్రవరి చివర్లో ఒక పొద్దున్న, సి-నాలుగు సగం దారిలో ఉండగా, చెప్పాపెట్టకుండా వాన దంచికొట్టింది. ఉమాశంకర్ కవరునీ ప్యూన్ బుక్కునీ చొక్కాలో దోపుకుని పరుగెత్తాడు. ఆగకుండా అర కిలోమీటరు పరుగెత్తి ఒక షాపు రేకు కింద నిలబడ్డాడు. కవరు తీసి చూస్తే బంక ఊడి, లక్క సీలు ఓ పక్కకి వేలాడుతోంది. లోపలి కాయితం బయటికి తొంగిచూస్తోంది.

డాకు మోసేవాడు డాకు చదవకూడదు. కానీ ఎనిమిది నెలలు మోసినవాడికి ఆ మాత్రం హక్కు లేదా? లాగి చూశాడు.

పాత పేపరు. హిందీ పేపరు, కిందటి ఏడాది జూన్ నెలది, నాలుగు మడతలు పెట్టింది. ఒక మూల వంటనూనె ప్రకటన కూడా ఉంది.

ఉమాశంకర్‌కి ఒళ్లు మండిపోయింది. తడిసిన బట్టలతోనే వెనక్కి వచ్చి కింది ఫ్లాటు తలుపు బాదాడు. కృష్ణకుమారి గారు తీశారు.

"అంకుల్ ఏడి ఆంటీ?"

"వాకింగుకి వెళ్లేరు బాబూ. రోజూ ఐదు కిలోమీటర్లు నడిస్తే గానీ కాఫీ తాగరు కదా."

"ఐదు కిలోమీటర్లా? మరి మోకాళ్లు?"

"మోకాళ్లకేం, ఉక్కు ముక్కలు."

ఉమాశంకర్ పేపరు ఎత్తి చూపించాడు. "ఎనిమిది నెలల సంది నేను మోసింది రద్దీ పేపరా ఆంటీ?"

ఆవిడ పేపరు చూసింది, అతన్ని చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మరి కబాడీవాడు మోసేది అదే కదా బాబూ," అంది.

ఉమాశంకర్ జుట్టులోంచి నీళ్లు గుమ్మంలో కారుతున్నాయి. ఆవిడ తువ్వాలిచ్చి, అతని దగ్గరున్న ఎర్ర ప్యూన్ బుక్కు తీసుకుని బల్ల మీద తెరిచి, చివరి అట్ట లోపలివైపు చూపించింది. భీమేశ్వరరావు గారి గుండ్రటి అక్షరాల్లో కోడు వివరం రాసి ఉంది. మొదటి అంకె పట్టిన నిమిషాలు. ఆ.ఉ అంటే ఆయాసం ఉంది. పొ.ఉ అంటే పొగ వాసన ఉంది.

అతను పేజీలు తిప్పాడు. జులైలో "24 - ఆ.ఉ - పొ.ఉ". ఆగస్టులో "19 - ఆ.ఉ - పొ.లే". మర్నాడు మళ్లీ "పొ.ఉ", దాని కింద ఎర్ర సిరాతో "సాయంత్రం డాకు కూడా పెట్టవలెను". డిసెంబరు చివర "15 - ఆ.లే - పొ.లే". అప్పట్నుంచి వరసగా అన్నీ లే, లే, లే. సిగరెట్ ఎప్పుడు మానేశాడో అతనికే గుర్తులేదు. పుస్తకంలో తేదీతో సహా ఉంది. అన్నాళ్లూ తన జాతకం తనే చంకలో పెట్టుకుని మోశాడు.

"సీతారామయ్య గారికి ఎరుకేనా ఇదంతా?"

"నీ సంగతి తెలుసు. తన సంగతి తెలీదు," అంటూ ఆవిడ ఇంకో ప్యూన్ బుక్కు తీసింది. "నువ్విచ్చిన కవరు ఆయన సి-రెండులో కస్తూరి గారికి ఇవ్వాలి. నీకు అనుమానం రాకుండా అది అలా తిరగాలని ఈయన చెప్పేరు. పాపం, నీ కోసమే నడుస్తున్నాననుకుంటున్నాడు. ఆయన హెచ్.డి.ఎల్. ముప్ఫై ఒకటి. కస్తూరి గారేమో సీతారామయ్య గారి కోసవని ఇక్కడిదాకా నడిచొస్తుంది. ఆవిడకీ తక్కువే."

ఉమాశంకర్ నవ్వాపుకోలేకపోయాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. తువ్వాలు చేతిలో ఉండటం మంచిదైంది.

"ఈ మనిషి ముప్ఫై ఏళ్లు సచివాలయం వరండాల్లో డాకు మోసేరు," అంది ఆవిడ. "తర్వాత ప్రమోషనిచ్చి కుర్చీ ఇచ్చేరు. ఏడేళ్లు కూచున్నారు. రిటైరయ్యే ముందు గుండెకి స్టెంటు వేశారు. అప్పుడు ఆయన హెచ్.డి.ఎల్. ఇరవై ఆరు. మీ నాన్నగారి మాట చెప్పేవే, ఆ రోజు అన్నం సరిగ్గా తిన్లేదు. నడవమంటే ఈ కాలం పిల్లలు నడవరు కృష్ణా, పని చెప్తే నడుస్తారు, అన్నారు."

ఉమాశంకర్ ఆ రోజే, తడి బట్టలు మార్చుకుని, ఏమీ తినకుండా ల్యాబ్‌కి వెళ్లాడు. నడిచే వెళ్లాడు. మర్నాడు రిపోర్టు వచ్చింది. అతను దాన్ని వైశాలి చేతికిచ్చాడు, ఆమే తెరిచింది. హెచ్.డి.ఎల్. ముప్ఫై ఆరు. ఎల్ ఇంకా పక్కనే ఉంది. ట్రైగ్లిజరైడ్లు మూడొందల పన్నెండు నుంచి నూట అరవై ఎనిమిదికి దిగాయి. డాక్టరు నడుము కొలిచి, బీపీ చూసి, సిగరెట్ లేదని విని మొదటిసారి నవ్వాడు. ఆ ఒక్క అంకె పెరిగిందని పండగ వద్దు, పెరగలేదని ఏడుపూ వద్దు, గుండెకి ముప్పు తెచ్చే మిగతావన్నీ దిగాయి, అది అసలు సంగతి, నడక మాత్రం ఆపొద్దు అన్నాడు.

ఆ సాయంత్రం భీమేశ్వరరావు గారు బయటికి వెళ్లినప్పుడు కృష్ణకుమారి గారి వంటింట్లో ఒక కుట్ర జరిగింది. స్టవ్ మీద లక్క కరిగింది. కొత్త ఖాకీ కవరులో పాత పేపరుకి బదులు రిపోర్టు వెళ్లింది. "మూడు రోజులు ఇల్లంతా కొట్టేసింది లక్క వాసన," అని ఆవిడ తర్వాత చెప్పేది గానీ, ఆ పూట మాత్రం సీలు ఆవిడే నొక్కింది.

మర్నాడు ఏడింటికి ఏమీ ఎరగనట్టే డాకు బయల్దేరింది. సి-నాలుగు వెళ్లింది, సి-రెండు వెళ్లింది, పదింటికి కస్తూరి గారి చేతుల మీదుగా ఇంటికి చేరింది. భీమేశ్వరరావు గారు సంతకం పెట్టి కవరు అందుకున్నారు. అందుకుని ఆగిపోయారు. అరచేతిలో ఒకసారి ఎగరేశారు.

"కృష్ణా, పదిహేను గ్రాములు తక్కువుంది."

ముప్ఫై ఏడేళ్ల సర్వీసులో మొట్టమొదటిసారి ఆయన డాకు విప్పి చదివారు.

పది నిమిషాలకి మూడో అంతస్తులో తలుపు చప్పుడైంది. ఉమాశంకర్ కాల్ మధ్యలోంచి లేచి తీశాడు. భీమేశ్వరరావు గారు తలుపవతల నిటారుగా నిలబడి ఉన్నారు, మోకాలు పట్టుకోవడం కూడా మర్చిపోయారు. ప్యూన్ బుక్కు తెరిచి ముందుకు చాచారు. అందులో కొత్త ఎంట్రీ ఉంది: "శ్రీ ఉమాశంకర్ నుంచి, రిపోర్టు ఒకటి, అందినది. ముప్ఫై ఆరు. చాలా సంతోషం."

"సంతకం పెట్టు," అన్నారు.

ఉమాశంకర్ సంతకం పెట్టాడు. పెట్టి, పెన్ను వెనక్కివ్వకుండా పక్కనున్న రిమార్కుల గడిలో రాశాడు: "మూడంతస్తులు మెట్లెక్కి తెచ్చారు. ఆ.లే. పొ.లే. మో.నొ కూడా లే."

భీమేశ్వరరావు గారు కళ్లజోడు సవరించుకుని చదివారు. "మో.నొ ఏవిటి?"

"మోకాళ్ల నొప్పి అంకుల్."

ఆయన పుస్తకం మూసి చంకలో పెట్టుకుని, దగ్గి, మెట్ల వైపు తిరిగారు.

"కోడులో లేని మాట సొంతంగా రాయకూడదయ్యా. సాయంత్రం ఆరింటికి డాకు ఉంది. ఈసారి దూరం, సి-ఒకటి దాకా," అని చెప్పి చకచకా దిగిపోయారు. రెండో అంతస్తు మలుపు దగ్గర మాత్రం గుర్తొచ్చినట్టుంది, ఒక కాలు కాస్త కుంటడం మొదలుపెట్టారు.